‘ఆటలో అరటిపండు’: కొట్టే పిల్లాడు, అతని టీచర్, ఏడు నెలల పని

అంగన్‌వాడీ, ప్రాథమిక పాఠశాల టీచర్లకి పిల్లల సామాజిక నైపుణ్యాల మీద శిక్షణ ఇవ్వడం నా పని. వంతు కోసం ఆగడం, ఆటలో చేరడం, కోపం వచ్చినప్పుడు చెయ్యి ఆపి నోరు వాడడం, పోట్లాడుకున్నాక మళ్ళీ జట్టు కట్టడం లాంటివి బడిలో ఎలా నేర్పాలో టీచర్లతో కూర్చుని ఆలోచిస్తాను. ఈ కేసులో మొదటి రెండు నెలలు నేనిచ్చిన సలహాలేవీ పనిచెయ్యలేదు. ఒక సలహా అయితే ఇద్దరు పిల్లలకి హాని చేసింది. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను.

పేర్లు రాయడం లేదు. ఊరినీ కుటుంబాన్నీ గుర్తుపట్టించే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. పిల్లాణ్ణి బాబు అంటాను, టీచర్ని టీచర్ గారు అంటాను. ఆవిడా, బాబు అమ్మమ్మా ఒప్పుకున్నాకే రాయడం మొదలుపెట్టాను.

నేపథ్యం

కోనసీమలో ఒక లంక ఊరు. గోదావరికి వరదొస్తే కాజ్‌వే మునిగిపోతుంది. టీచర్లు పడవెక్కి రావాలి, లేదా బడికి సెలవు ఇవ్వాలి. ఒకటి, రెండు తరగతుల పిల్లలు ఒకే గదిలో, మొత్తం 26 మంది, వాళ్ళకి ఒక్క టీచర్. మగవాళ్ళు కొబ్బరి దింపుకీ ఒలుపుకీ వెళ్తారు, లేదంటే రొయ్యల చెరువుల మీద కాపలా ఉంటారు. చాలా ఇళ్ళ నుంచి ఆడవాళ్ళు కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళి అక్కడి ఇళ్ళల్లో పనిచేసి డబ్బు పంపుతారు. పిల్లలు అమ్మమ్మల దగ్గరో నాయనమ్మల దగ్గరో పెరుగుతారు.

బాబుకి ఏడేళ్ళు, రెండో తరగతి. వాడికి నాలుగేళ్ళప్పుడు తల్లి గల్ఫ్ వెళ్ళింది. తండ్రి వారానికి రెండు మూడు రాత్రులే ఇంట్లో ఉంటాడు. అమ్మమ్మ ఈనెల చీపుళ్ళు కట్టి అమ్ముతుంది. బాబు లెక్కల్లో చురుకు, చదవడంలో తరగతితో సమానం.

టీచర్ గారికి పద్నాలుగేళ్ళ అనుభవం. పిల్లల్ని కొట్టరు. విద్యా హక్కు చట్టం శిక్షని నిషేధించిందని మాత్రమే కాదు, ఆవిడకి ఆ పని నచ్చదు. జులై చివర్లో మా రెండు రోజుల శిక్షణకి వచ్చారు, ముందు వరసలో కూర్చుని అన్నీ రాసుకున్నారు. వెళ్ళేటప్పుడు నా దగ్గరికి వచ్చి, "మా క్లాసులో ఒక పిల్లాడున్నాడండి, ఊరికే కొట్టేస్తాడు. మీరు చెప్పినవన్నీ వాడి మీద ప్రయోగించి చూస్తాను" అన్నారు.

ఆ ‘ఊరికే’ అన్న మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు.

ఏమేం చేశాం, ఎందుకు చెడింది

మొదట ఆవిడ శిక్షణలో నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చేశారు. గోడకి ముఖాల చార్టు అంటించారు: సంతోషం, కోపం, భయం, బాధ, ఆశ్చర్యం. రోజూ పది నిమిషాలు ‘మంచి మాట’ పీరియడ్ పెట్టారు. లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారు వేళకాని వేళ వచ్చినవాళ్ళకి కూడా అన్నం పెట్టిన సంగతి పిల్లలకి కథగా చెప్పారు. ఇప్పుడు బడి భోజనానికి ఆవిడ పేరే కాబట్టి పిల్లలకి ఆ పేరు తెలుసు, కథ బాగా నచ్చింది. "ఎవరైనా ఆటకి వస్తే ఏమనాలి?" అంటే "రమ్మనాలి" అని గదంతా అరిచేది. "కోపం వస్తే ఏం చెయ్యాలి?" అంటే అందరికన్నా గట్టిగా, తప్పు లేకుండా జవాబు చెప్పేది బాబే. గంట కొట్టాక పది నిమిషాల్లో ఎవడో ఒకడు ఏడుస్తూ వచ్చేవాడు.

ఆవిడ నాకు ఫోన్ చేసి, "తెలియక చేస్తున్నాడనుకున్నానండి. వాడికి అన్నీ తెలుసు. మొండితనం" అన్నారు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. నైపుణ్యం అసలు లేకపోవడం వేరు, ఉన్నదాన్ని కావలసిన చోట వాడలేకపోవడం వేరు. మా రంగంలో ఫ్రాంక్ గ్రెషమ్ అనే మనస్తత్వవేత్త ఈ రెంటినీ విడదీసి చూపించాడు, మేం ఇప్పటికీ ఆ విభజన వాడతాం. బాబు జవాబులు విని నేను రెండోదే అనుకున్నాను. తెలిసి కూడా చెయ్యడం లేదు కాబట్టి ప్రోత్సాహం ఇవ్వాలన్నాను. వాడు నోటితో చెప్పిన జవాబునే నైపుణ్యం అనుకోవడం నా తప్పు. ఈత గురించి చెప్పగలిగిన వాణ్ణి చూసి ఈతొచ్చు అనుకున్నట్టయింది.

అలా ఆగస్టులో, బడిని చూడకుండానే, ఫోన్లో స్టార్ చార్టు చెప్పాను. కొట్టని రోజుకి ఒక స్టార్, అయిదు స్టార్లకి రంగు పెన్సిల్. మొదటి రోజు ఉదయం పదిన్నరకే ఆ రోజు స్టార్ పోయింది. స్టార్ పోయాక సాయంత్రం దాకా ఆగడానికి వాడికి కారణం లేదు. దానికి తోడు మిగతా పిల్లలు కాపలాదారులయ్యారు. "మేడమ్, వీడి స్టార్ తీసెయ్యండి, నన్ను తోసేడు" అని రోజుకి ఏడెనిమిది ఫిర్యాదులు. అంతకుముందు వాడు గొడవ పడే పిల్లాడు, చార్టు వచ్చాక గోడ మీద అందరికీ కనబడే గొడవ పిల్లాడయ్యాడు. రెండు వారాలకి తీయించేశాను.

సెప్టెంబర్లో మూడో ప్రయత్నం. ఎవరూ ఎవరినీ ఆటలోకి రావద్దనకూడదని టీచర్ గారు నియమం పెట్టారు. నాకు నచ్చిన నియమమే, సరే అన్నాను. పిల్లలు నియమం తప్పలేదు. బాబుని చేర్చుకున్నారు, ఆటలో అరటిపండుగా.

గోదావరి జిల్లాల్లో పెరిగినవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. మరీ చిన్నవాళ్ళు ఏడిస్తే ఆటలోకి తీసుకుంటాం. వాళ్ళు అవుటైనా లెక్కలేదు, దొంగ కారు, వాళ్ళని ఎవరూ పట్టుకోరు. మూడేళ్ళ చెల్లికి అది ముద్దు. ఏడేళ్ళ పిల్లాడికి కాదు. బాబుకి విషయం తెలియడానికి మూడు రోజులు పట్టింది. ఏడు పెంకులాటలో వాడు పరుగెత్తి వచ్చి పెంకులు పేర్చితే, ఒకడు "నువ్వు పేర్చింది చెల్లదురా, నువ్వు అరటిపండువి" అన్నాడు. బాబు చేతిలో ఉన్న పెంకు విసిరాడు. ఆ పిల్లాడి కనుబొమ్మ మీద తగిలింది. ప్రైమరీ హెల్త్ సెంటర్లో రెండు కుట్లు పడ్డాయి.

మర్నాడు ఆ పిల్లాడి తల్లిదండ్రులు బడికి వచ్చారు. వాళ్ళ కోపం న్యాయమైనది. కొందరు పెద్దలు బాబుకి టీసీ ఇచ్చెయ్యమన్నారు. ఎలిమెంటరీ విద్య పూర్తయ్యే దాకా పిల్లాణ్ణి బడి నుంచి తీసెయ్యడానికి చట్టం ఒప్పుకోదని హెడ్మాస్టారు నెమ్మదిగా చెప్పి పంపించారు. అయితే ఆ రోజు నుంచి ఆటల వేళ బాబు టీచర్ గారి కుర్చీ పక్కనే కూర్చోవాలని తీర్మానమయింది.

నాకు ఫోన్ వచ్చింది. ఈసారి ఏ సలహా ఇవ్వలేదు. "దసరా సెలవుల తర్వాత నాలుగు రోజులు మీ బడిలో కూర్చుంటాను, ఒప్పుకుంటారా?" అని అడిగాను.

చెట్టు కింద నాలుగు రోజులు

వెళ్ళేముందు రెండు పనులు చేయమన్నాను. ఒకటి, బాబుకి చెవులూ కళ్ళూ పరీక్ష చేయించడం. పిలిస్తే పలక్కుండా మీద పడే పిల్లల్లో కొందరికి వినికిడి లోపం ఉంటుంది. మాట అందక చెయ్యి ముందుకొస్తుంది. బడి పిల్లల ఆరోగ్య పరీక్షల బృందం చూసింది, ఏ లోపమూ లేదు. రెండు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రం రిసోర్స్ టీచర్ని ఒకసారి రమ్మనడం. ఆమె గంటన్నర వాడితో గడిపి, ఎదుగుదలలో అనుమానించదగ్గదేమీ తనకి కనబడలేదన్నారు. ఈ రెండూ తేలకుండా ప్రవర్తన మీద పని మొదలుపెట్టడం సరికాదు. నేను జులైలోనే అడగవలసింది, అక్టోబర్లో అడిగాను.

స్టాఫ్ రూములో అందరూ చెప్పిన కారణం ఒకటే: "తల్లి దగ్గర లేదు కదండీ." కొట్టిపారేసే మాట కాదు. ఆ వెలితి ఎంతటిదో వాడి అమ్మమ్మ దగ్గర తర్వాత చూశాను. కానీ నాకు రెండు ఇబ్బందులు కనబడ్డాయి. అదే గదిలో తల్లి గల్ఫ్‌లో ఉన్న పిల్లలు ఇంకో నలుగురున్నారు, వాళ్ళు కొట్టరు. పైగా ఆ కారణం పట్టుకుంటే టీచర్ గారికి రేపు పదకొండు గంటలకి చెయ్యగలిగే పని ఏదీ ఉండదు. టీచరు చేతిలో ఉన్న చోటు కోసం వెతకాలనుకున్నాను.

ఇద్దరం ఒక కాగితం మీద మూడు గడులు గీసుకున్నాం: ముందు ఏం జరిగింది, అప్పుడు ఏం చేశాడు, తర్వాత ఏమైంది. ఎవరిది వాళ్ళం విడిగా రాయాలి, సాయంత్రం కలిపి చూడాలి. ఆ నాలుగు రోజులూ బాబుని కుర్చీ పక్క నుంచి ఆటకి వదలమని అడిగాను, పెంకులు మాత్రం తీసి పక్కన పెట్టించాను.

మొదటి సాయంత్రం కాగితాలు పక్కపక్కన పెడితే, టీచర్ గారి కాగితంలో మధ్య గడి నిండుగా ఉంది, మొదటి గడి దాదాపు ఖాళీ. ఆవిడ తప్పేమీ లేదు. 26 మందిని చూసుకునే మనిషికి ఏడుపు వినబడ్డాకే తల తిరుగుతుంది. అప్పటికి ‘ముందు’ అయిపోయి ఉంటుంది. ‘ఊరికే కొట్టేస్తాడు’ అన్న మాట అక్కణ్ణుంచి వచ్చింది. ఆవిడకి నిజంగా అలాగే కనబడింది.

నాలుగు రోజుల్లో కొట్టడం, తొయ్యడం, లాక్కోవడం అన్నీ కలిపి 17 రాసుకున్నాం. అందులో 12 ఆటల వేళ. ఆ 12లో 10 సార్లు వరస ఒకటే. బాబు ఒక ఆట దగ్గరికి వస్తాడు. చుట్టూ తిరుగుతాడు. "ఏం ఆడతన్నారు?" అంటాడు, ఎవరూ పలకరు. "నాకు అంతకంటే బాగా వచ్చు" అంటాడు. ఆటలోని వస్తువు, బంతో బిళ్ళో, కాలితో తన్నుతాడు లేదా పట్టుకుపోతాడు. వాళ్ళు అరుస్తారు. వాడు కొడతాడు. మొదటి నుంచి చివరికి అరనిమిషం. వాడు చేస్తున్నది ఆటలో చేరే ప్రయత్నం.

1981లో మార్తా పుటల్లాజ్, జాన్ గాట్‌మన్ అనే పరిశోధకులు ఆడుకుంటున్న పిల్లల దగ్గరికి కొత్త పిల్లాడు ఎలా చేరతాడో గమనించి రాశారు. తోటివాళ్ళు ఇష్టపడని పిల్లలు ఆట ఆపేసేలా ప్రశ్నలడుగుతారు, తమ గురించి చెప్పుకుంటారు, కాదంటారు. చేరగలిగినవాళ్ళు జరుగుతున్నదాంట్లోకి తమని కలుపుకుంటారు. ఇది నేను ఎన్నో శిక్షణల్లో చెప్పాను. బాబు "ఏం ఆడతన్నారు?" అన్నది చెట్టు కింద కూర్చుని విన్నప్పుడే నాకు అది అర్థమైందని చెప్పాలి.

రెండో రోజు నుంచి నేను బాబుని వదిలి, చేరగలిగినవాళ్ళని చూడడం మొదలుపెట్టాను. అన్నం తినడం ఆలస్యమై వెనకొచ్చే పాప ఒకతె ఉంది. వచ్చి గోడకి ఆనుకుని ఒక ఆట మొత్తం చూసేది. బంతి పంపు దగ్గరికి దొర్లితే పరుగెత్తి తెచ్చి ఇచ్చేది. ఏమీ అడిగేది కాదు. ఆట అయిపోయి పంటలు వేసుకుంటుంటే చెయ్యి పెట్టేసేది. అంతే, ఆటలో ఉంది. నాలుగు రోజుల్లో ఆ పాప ఒక్కసారి కూడా "నన్ను చేర్చుకుంటారా" అనలేదు.

మా శిక్షణ పుస్తకంలో ఏముందో గుర్తొచ్చి మనసు కలుక్కుమంది. ‘దయచేసి నన్ను కూడా మీ ఆటలో చేర్చుకుంటారా?’ అనే వాక్యం పిల్లలచేత అనిపించాలని రాశాం. ఆ వాక్యం ఆగస్టులో టీచర్ గారు బాబుకి నేర్పారు. వాడు ఒకసారి అన్నాడట. పిల్లలు వారం రోజులు వాణ్ణి "దయచేసీ" అని పిలిచారట. ఆవిడ ఆ సంగతి నాకు చెప్పడానికి మొహమాటపడి ఆ సాయంత్రం దాకా చెప్పలేదు.

ఎందుకు వద్దంటున్నారు?

ఇంకొకటి తేలాల్సి ఉంది. మిగతా పిల్లలు వాణ్ణి ఎందుకు వద్దంటున్నారు? కొడతాడని భయం, నిజమే. కానీ నేను నలుగురిని విడివిడిగా అడిగితే ఇద్దరు చెప్పిన జవాబు నేను ఊహించనిది. "జట్లు సరిపోవండీ." ఏడు పెంకులాటకి రెండు జట్లు సమానంగా ఉండాలి. నలుగురూ నలుగురూ ఆడుతుంటే అయిదోవాడు వస్తే ఎటు వేస్తారు? ఎటు వేసినా అవతలి జట్టు తొండి అంటుంది. అందుకే అరటిపండు. పెద్దలకి అవమానంగా కనబడిన ఏర్పాటు వాళ్ళ దృష్టిలో లెక్క సరిచేసుకోవడం. బయటినుంచి వచ్చేవాళ్ళని చిన్నపిల్లలు అడ్డుకోవడంలో చాలాసార్లు ద్వేషం ఉండదనీ, కష్టపడి నిలబెట్టుకున్న ఆట చెడిపోకుండా కాపాడుకుంటారనీ విలియం కోర్సారో అనే సామాజికవేత్త నర్సరీ పిల్లల మధ్య నెలల తరబడి కూర్చుని చెప్పాడు. మా లంక పిల్లలు దాన్ని రెండు ముక్కల్లో చెప్పారు.

సమస్య జట్ల లెక్క అయితే విరుగుడు కూడా మన ఆటల్లోనే ఉంది. జట్లు పంచుకునేటప్పుడు ఉద్దీలు కట్టుకుంటాం. సమానంగా ఆడగలిగే ఇద్దరు జతగా వస్తారు, ఒకరు ఇటు, ఒకరు అటు. ఒంటరిగా వచ్చేవాడు లెక్క చెడగొడతాడు, ఉద్దీతో వచ్చేవాడు ఆట పెంచుతాడు. బాబు ఒక్కడూ వెళ్ళకూడదు, ఇంకొకరితో వెళ్ళాలి.

ఎవరితో? మా కాగితాల్లో ఇంకో పిల్లాడు పదే పదే కనబడుతున్నాడు, ‘తర్వాత ఏమైంది’ గడిలో, ఏమీ చెయ్యకుండా. నాలుగు రోజులూ వంటగది అరుగు మీద కూర్చుని ఆటలు చూస్తున్నవాడు. కొట్టడు, ఏడవడు, ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. టీచర్ గారు కాగితం చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వీణ్ణి నేను బుద్ధిమంతుడనుకున్నానండి" అన్నారు. జూన్ నుంచి ఆ పిల్లాడు ఆటల్లో లేడని ఆవిడకీ, ఆవిడకి శిక్షణ ఇచ్చిన నాకూ తెలియలేదు. శిక్షణల్లో కొట్టే పిల్లల గురించి గంటలు మాట్లాడతాం. అరుగు మీద కూర్చున్నవాడి గురించి ఎవరూ అడగరు.

పనిచేసింది

నవంబర్ నుంచి చేసిన పని చూడడానికి చాలా చిన్నది. ఆటల గంటకి ముందు అయిదు నిమిషాలు, వరండా చివర, బాబూ అరుగు మీది పిల్లాడూ టీచర్ గారూ. క్లాసు ముందు చేయించవద్దన్నాను, ‘దయచేసీ’ మళ్ళీ రాకూడదని. ఆవిడ ఒక ముక్క చెప్పడం, తను చేసి చూపించడం, వాళ్ళచేత చేయించడం, అక్కడికక్కడే ఏది బాగుందో చెప్పడం. నేర్పింది ఇది: ఒక ఆట అయ్యేదాకా చూడు. ఏ జట్టు గెలుస్తోందో మేడమ్‌కి చెప్పగలవా? బంతి దూరం పోతే తెచ్చి ఇవ్వు. పంటలప్పుడు ఇద్దరూ కలిసి వెళ్ళండి, "మేం ఉద్దీ" అనండి.

చివరి మాట టీచర్ గారిది కాదు, నాది అంతకన్నా కాదు. ఆ పాపని అడిగితే "మేం ఉద్దీ అంటే సరిపోద్దండి" అంది. అదే తీసుకున్నాం.

ఎక్కువ సమయం పట్టింది ఇంకోదానికి. వాళ్ళు వద్దంటే? బాగా కలిసిపోయే పిల్లలకి కూడా వద్దు అనేది ఎదురవుతూనే ఉంటుంది, ఇంకోచోటికి పోతారు. బాబుకి ఆ ‘వద్దు’ దగ్గరే చెయ్యి లేచేది. అందుకని టీచర్ గారు వద్దనే పిల్లాడిగా నటించేవారు. రోజూ రెండుసార్లు వద్దనేవారు, ఒకసారి ముఖం తిప్పుకుని, ఒకసారి వెక్కిరిస్తూ. వాడు "సరే, తర్వాత ఆటకి" అని వెనక్కి తిరిగి అరుగు దాకా నడవాలి. మొదటి వారం నటనలో కూడా వాడి పిడికిలి బిగిసేది. ఒక రోజు ఆవిడ వద్దంటే నిజంగానే ఏడ్చేశాడట. ఆవిడ ఆపెయ్యాలనుకున్నారు. నేను, ఆపొద్దు, ఈ వారం వెక్కిరింపు తీసెయ్యండి, మామూలుగా వద్దనండి అన్నాను. సాధనలో కష్టం ఎంత ఉండాలన్నది చూసుకుంటూ పెంచాల్సిన విషయం. మేం ఒక మెట్టు తొందరపడ్డాం.

ఇక ఆటలు. బాబు మనసు పెద్దపిల్లల క్రికెట్ మీద ఉంది. దాన్ని పక్కన పెట్టించడానికి నాకో కారణం ఉంది. క్రికెట్ ఒకసారి మొదలైతే గంట అయ్యేదాకా ముగియదు, మధ్యలో చేరే తలుపు లేదు. తొక్కుడు బిళ్ళలోనూ ఒక్కో వంతు చాలాసేపు. దాగుడుమూతలు, ఏడు పెంకులు, కుంటాట అలా కాదు. నాలుగైదు నిమిషాలకోసారి ఆట తెగుతుంది, మళ్ళీ పంటలు వేస్తారు. ఒక్క ఆటల వేళలో నాలుగు తలుపులు తెరుచుకుంటాయి. కొత్తగా నేర్చుకునేవాడికి నాలుగు ప్రయత్నాలు కావాలి, ఒకటి చాలదు. అందుకని టీచర్ గారు మొదటి పదిహేను నిమిషాలూ ఇలాంటి ఆటలే మొదలుపెట్టించారు. పెంకుల బదులు కొబ్బరి చిప్పలు పెట్టారు.

కుర్చీ పక్కన కూర్చోబెట్టడం ఆపించాను. దీనికి హెడ్మాస్టారు అంత సులువుగా ఒప్పుకోలేదు, దెబ్బ తిన్న పిల్లాడికి ఏం జవాబు చెప్తామన్నారు. ఆ ప్రశ్న సరైనదే. ఈతరాని వాణ్ణి నీళ్ళకి దూరంగా ఉంచితే ఈత రాదు, అలాగని గోదాట్లోకి వదిలెయ్యలేం. మొదటి పది నిమిషాలు టీచర్ గారు ఆటల దగ్గరే నిలబడాలని ఒప్పందం చేసుకున్నాం. గొడవల్లో ఎక్కువ భాగం ఆ పది నిమిషాల్లోనివే. "కొట్టకు" అనకూడదు. బాబు ఆట దగ్గరికి వస్తుంటే తన కంటి కింద వేలు పెట్టుకుని చూపించాలి. ముందు చూడు అని అర్థం. మిగతా సమయం ఆవిడ అన్నం తినాలి, హాజరు వెయ్యాలి. రోజంతా కాపలా ఉండమనే సలహా ఏ బడిలోనూ నిలవదు.

ఇంటి సంగతి

డిసెంబర్లో ఒక సాయంత్రం టీచర్ గారితో కలిసి బాబు ఇంటికి వెళ్ళాను. అమ్మమ్మ అరుగు మీద ఈనెలు చీరుతోంది. బడి నుంచి వచ్చారనగానే ఆవిడ ముఖం మారిపోయింది. వాడు మళ్ళీ ఏం చేశాడోనని. కూర్చున్నాక నెమ్మదిగా చెప్పింది: "ఆళ్ళమ్మ శుక్రవారం శుక్రవారం ఫోన్ చేస్తదండి. ఫోన్ ఎత్తగానే మొదటి మాట ‘ఇయ్యాల ఎవర్ని కొట్టేవురా’ అంటది. ఆడు మంచం కిందకి దూరిపోతన్నాడండి. దానికి చెప్పింది నేనే. మేడం గారు నాకు చెప్పేరు, నేను దానికి చెప్పేను."

టీచర్ గారు తల వంచుకున్నారు. బడిలో జరిగిన ప్రతి గొడవా సాయంత్రానికి అమ్మమ్మకీ, అమ్మమ్మ నుంచి సముద్రం అవతలికీ వెళ్తోంది. వారానికి ఒకసారి వినబడే తల్లి గొంతు విచారణగా మారింది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు, అందరూ వాడి మంచి కోరే చేశారు.

అప్పటికప్పుడు ఒక మాట అనుకున్నాం. గొడవ బడిలోనే తేల్చుకుంటాం, దెబ్బ తగిలితే తప్ప ఇంటికి పంపం. గురువారం టీచర్ గారు అమ్మమ్మకి ఒక మంచి సంగతి చెప్తారు, నిజంగా జరిగినది. అమ్మమ్మ దాన్నే శుక్రవారం కూతురికి చెప్తుంది. మొదటి సంగతి: "బంతి కాలవలో పడబోతే మీవాడు పరుగెత్తి ఆపాడు." రెండు వారాల తర్వాత, ఫోన్ మోగితే తనే ఎత్తుతున్నాడని అమ్మమ్మ చెప్పింది. తల్లి లేని వెలితి అలాగే ఉంది. దానికి బడిలో మందు లేదు. ఉన్న కాస్త దగ్గరితనాన్ని బడి పాడుచెయ్యకుండా ఆపగలిగాం.

అదే రోజు అమ్మమ్మ పక్కన కూర్చుని బాబు కొబ్బరాకుతో బూరా, గిరకా చెయ్యడం టీచర్ గారు చూశారు. తర్వాతి వారం క్లాసులో వాడిచేత నేర్పించారు. నలుగురైదుగురు వాడి చుట్టూ చేరారు. అందరూ దీన్నే అసలు మలుపు అంటారు. నా లెక్కలో మలుపు అప్పటికే వరండా చివర వచ్చింది. నవంబర్‌కి ముందు చేయించి ఉంటే వాడు మొదటి అయిదు నిమిషాల్లో ఎవరి చేతిలో ఆకో లాక్కుని ఉండేవాడని నా అనుమానం.

ఎంతవరకు మారింది

డిసెంబర్ మూడో వారంలో అదే కాగితం మీద మళ్ళీ నాలుగు రోజులు రాశాం: 17 బదులు 6. ఈసారి టీచర్ గారి మొదటి గడి నా గడి కన్నా నిండుగా ఉంది. సంక్రాంతి సెలవుల తర్వాత 11కి పెరిగింది. ఆవిడ కంగారు పడ్డారు. పది రోజులు సాధన లేకపోతే ఏ నైపుణ్యమైనా జారుతుంది. తీర్థాల సందడిలో, పెద్దపిల్లల మధ్య తిరిగి వచ్చిన పిల్లలందరూ ఆ వారం దురుసుగానే ఉన్నారు. నవంబర్లో చేసినట్టే మొదటి నుంచి ఒక వారం చేయించమన్నాను. ఫిబ్రవరి చివరికి 3.

సున్నా కాలేదు. రాత పీరియడ్లో పక్కవాడి మోచెయ్యి తగిలితే ఇప్పటికీ తోస్తాడు. దానికి మేం వేరే పని చెయ్యలేదు, పిల్లల్ని దూరంగా కూర్చోబెట్టడంతో సరిపెట్టాం. క్రికెట్ వాళ్ళు వాణ్ణి చేర్చుకోరు. కనుబొమ్మ దెబ్బ తిన్న పిల్లాడు వాడితో దాగుడుమూతలు ఆడతాడు, కానీ ఆ పిల్లాడి తల్లికి ఇంకా మనసు కుదుటపడలేదు. ఆవిణ్ణి ఒప్పించడానికి ప్రయత్నించవద్దని టీచర్ గారికి చెప్పాను. ఆ బాధ ఆవిడది. అరుగు మీది పిల్లాడు మాత్రం ఇప్పుడు బాబు లేని రోజు కూడా ఆడుతున్నాడు, ఇంకో ఉద్దీని వెతుక్కుంటున్నాడు.

ఈ కేసు తర్వాత నా శిక్షణలో మొదటి రోజు మారింది. చార్టులు లేవు. టీచర్లకి మూడు గడుల ఖాళీ కాగితం ఇచ్చి దగ్గర్లోని బడి ఆటస్థలానికి పంపుతాను. ఒకటే నియమం: మొదటి గడి నిండకుండా రెండో గడి రాయకూడదు. సాయంత్రం హాల్లో వాళ్ళనే వలయంగా నిలబెట్టి ఆట ఆడించి, ముగ్గురిని బయట ఉంచి చేరమంటాను. పెద్దవాళ్ళలో కూడా ఎక్కువమంది వచ్చి "ఏం ఆడుతున్నారండీ?" అనే అడుగుతారు. ఎవరూ పలకరు. అప్పుడు వాళ్ళ ముఖాల్లోకి వచ్చే మార్పు చూసి, ఆ క్షణం గురించే మాట్లాడుకుంటాం. ‘దయచేసి’ వాక్యం ఉన్న పేజీ పుస్తకంలోంచి తీసేశాం. ఆ చోట ఖాళీ గీతలు పెట్టాం, మీ బడి పిల్లలు ఆటలో చేరేటప్పుడు ఏమంటారో విని రాయండి అని.

జూన్‌లో బాబు మూడో తరగతికి వెళ్తాడు, టీచర్ మారతారు. కొత్త టీచర్‌కి ఏం చెప్పాలన్నది మా చివరి చర్చ. కొట్టేవాడని చెప్తే ఆ పేరు వాడికంటే ముందు ఆ గదిలోకి వెళ్తుంది. ఏమీ చెప్పకపోతే జూన్ మొదటి వారంలోనే మళ్ళీ ఏదో జరుగుతుంది, అప్పుడు ‘ఊరికే కొట్టేస్తాడు’ దగ్గర మొదలవుతుంది. టీచర్ గారు అరపేజీ రాశారు, నేను ఒక్క మాటా మార్చలేదు. అందులో నాలుగు వాక్యాలున్నాయి: "లెక్కలు బాగా చేస్తాడు, కొబ్బరాకుతో గిరకలు చేస్తాడు. ఆటలోకి వెళ్ళేముందు కాసేపు చూడనివ్వండి, మర్చిపోతే కంటి కింద వేలు పెట్టి చూపించండి. సెలవుల తర్వాత మొదటి వారం ఆటల వేళ దగ్గర్లో ఉండండి. గురువారం వాళ్ళ అమ్మమ్మకి ఒక మంచి సంగతి చెప్పండి, శుక్రవారం వాళ్ళమ్మ ఫోన్ చేస్తుంది."